చీటీ రాసిస్తే సరుకులొచ్చే ఊరు వదిలి వెళ్లాక

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే బాధ. జర్మనీకో కువైట్‌కో వెళ్లిన మనవాళ్లకి అక్కడి ఉద్యోగం అలవాటైంది, వాతావరణం అలవాటైంది, అంగడికి వెళ్లి సరుకులు తెచ్చుకోవడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు. నాకు ఆశ్చర్యం వేయలేదు. స్టుట్‌గార్ట్ పక్కన పదకొండేళ్లు కాపురం చేసి నెల్లూరు తిరిగొచ్చినదాన్ని, ఆ ఇబ్బంది ఎక్కడ మొదలవుతుందో నాకు తెలుసు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మాది నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట. పెళ్లయి ఎనిమిది నెలలు, మ్యూనిక్ వచ్చి ఆరు నెలలు. మా వీధి చివర శెట్టిగారి అంగడి ఉంది. అమ్మ చీటీ రాసిస్తే నేను వెళ్లి ఇచ్చేసి వచ్చేదాన్ని, సాయంత్రానికి అంగట్లో కుర్రాడు సరుకులు తెచ్చి వసారాలో పెట్టి వెళ్లేవాడు. కూరగాయలు తోపుడు బండి మీద గుమ్మంలోకే వచ్చేవి. ఇక్కడ మా ఇంటికి రెండు వీధుల అవతల పెద్ద సూపర్ మార్కెట్ ఉంది. వచ్చిన మూడో వారం ఒక్కదాన్నే వెళ్లాను. కౌంటర్లో ఆమె వస్తువులన్నీ చకచకా తోసేస్తుంటే నేను సంచిలో సర్దుకోలేకపోయాను, పాల డబ్బా కింద పడి టమాటాలు నలిగిపోయాయి, అరటిపళ్లకి ఏదో స్టిక్కర్ లేదని పక్కన పెట్టేసింది, తర్వాత ఏదో అడిగింది, నాకు అర్థం కాలేదు, అదే మాట గట్టిగా మళ్లీ అడిగింది. వెనకాల ఆరేడుగురు నిలబడి ఉన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. అప్పటి నుంచి మా ఆయనే శనివారాలు వెళ్లి తెస్తున్నారు, పప్పులూ బియ్యం ఆన్‌లైన్లో తెప్పిస్తున్నాం. ఆయన ఏమీ అనరు కానీ, మొన్న సెలవులు వరసగా వచ్చినప్పుడు ఇంట్లో పాలు కూడా లేవు. నీళ్ల సీసాలకి రాసిన రేటు మీద ఇంకో పావు యూరో వేస్తున్నారు, ఎందుకని అడగాలంటే భయం. ఎంసీఏ చదివి అంగడికి వెళ్లలేకపోతున్నానని అమ్మకి కూడా చెప్పుకోలేదు. ఏం చేయమంటారు? - ఒక చెల్లెలు, మ్యూనిక్

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎంసీఏకీ దీనికీ సంబంధం లేదు, ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్. నెల్లూర్లో నువ్వు సరుకులు ఎంచుకుని, తూచుకుని, మోసుకుని ఎప్పుడూ తెచ్చుకోలేదు కదా. ఆ పని మీ అమ్మ చీటీ, శెట్టిగారి తక్కెడ, కుర్రాడి సైకిలు, ఈ మూడూ కలిసి చేసేవి. ఇప్పుడు ఆ ముగ్గురి పనీ నీ ఒక్కదాని మీద పడింది, అదీ నోరు తిరగని భాషలో, ఆరేడుగురు వెనకాల నిలబడి ఉండగా. ఎవరికైనా కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

ముందు కౌంటర్ సంగతి. ఆవిడ నీ మీద కోపంతో అలా తోసేయలేదు, అందరికీ అలాగే తోస్తుంది, అక్కడి పని వేగమే అది. మనకి ఎవరూ చెప్పని విషయం ఏమిటంటే, అక్కడ కౌంటర్ దగ్గర సంచిలో సర్దుకోవాలని చూడకూడదు. ఐదారు వస్తువులకైనా ట్రాలీ తీసుకో. గొలుసుతో కట్టేసి ఉంటాయి, ఒక యూరో బిళ్ల పెడితే ఊడుతుంది, మళ్లీ తీసుకెళ్లి తగిలిస్తే నీ బిళ్ల నీకు వస్తుంది, ఆ బిళ్లని పర్సులో విడిగా ఉంచుకో, ఖర్చు పెట్టకు. వస్తువుల్ని బెల్టు మీద పెట్టేటప్పుడు బరువైనవి ముందు, అంటే పాలు, నూనె, బియ్యం, ఆ తర్వాత డబ్బాలు, అన్నిటికన్నా చివర టమాటాలు, కొత్తిమీర, రొట్టె. ఆవిడ ఏ వరసలో తోస్తే ఆ వరసలో ట్రాలీలోకి లాగేసుకో, అప్పుడు బరువైనవే అడుగున పడతాయి. డబ్బు కట్టి బయటపడ్డాక చాలా షాపుల్లో కిటికీ పక్కన పొడవాటి బల్ల ఉంటుంది, అక్కడ నిలబడి ఎంతసేపైనా సర్దుకో, ఎవరూ నిన్ను చూడరు. నీ సామాను అయ్యాక బెల్టు మీద ఒక అడ్డుపుల్ల పెట్టాలి, వెనకవాళ్ల సామాను నీ దాంట్లో కలవకుండా. అది పెడితే వెనకాయన "డాంకె", అంటే థాంక్స్, అంటాడు, చూస్తూ ఉండు.

ఆవిడ ఏమడిగిందో కూడా నేను చెప్పగలను. డబ్బు కట్టే దగ్గర వాళ్లు అడిగే ప్రశ్నలు నాలుగే. "కార్టె ఓడర్ బార్?" అంటే కార్డా, నోట్లా అని. "హాబెన్ జీస్ క్లైన్?" అంటే చిల్లర ఉందా అని. ఇంకోటి వాళ్ల పాయింట్ల కార్డు ఉందా అని. చివరిది "బ్రౌహెన్ జీ డెన్ బోన్?", బిల్లు కావాలా అని. 2020 జనవరి నుంచి అక్కడ ప్రతి కొనుగోలుకీ బిల్లు ఇచ్చి తీరాలని చట్టం ఉంది, కానీ తీసుకోవాలని లేదు, అందుకని ప్రతి మనిషినీ అడుగుతారు. నువ్వు ముందే "మిట్ కార్టె, బిట్టె", అంటే కార్డుతో ఇస్తానండీ, అనేస్తే మొదటి రెండు ప్రశ్నలు రావు, మిగతా రెండిటికీ "నైన్, డాంకె", అంటే వద్దు, థాంక్స్, చాలు. ఈ రెండు మాటలూ వంటింట్లో నాలుగుసార్లు పైకి అనుకుని వెళ్లు. ఇంకో మాట, నీ వంతు రాగానే నువ్వే ముందు పలకరించు. మీ బవేరియా రాష్ట్రంలో "గ్రూస్ గాట్" అంటారు, మొహమాటమైతే "హలో" అన్నా సరే. మనం శెట్టిగారి అంగట్లోకి వెళ్తూ పలకరించం, ఆయనే "ఏమ్మా" అంటాడు. అక్కడ పలకరించకుండా నిలబడితే మర్యాద తెలియని మనిషి అనుకుంటారు. నేను ఈ ఒక్క మాట మొదలుపెట్టాక కౌంటర్లో మొహాలు మారడం నా కళ్లతో చూశాను.

అరటిపళ్ల స్టిక్కర్: కూరగాయల దగ్గర బొత్తాలున్న తూకం మిషను కనిపిస్తే, ఆ షాపులో మనమే తూచుకోవాలని అర్థం. రేటు చీటీ మీద ఒక నంబరు ఉంటుంది, పళ్లు మిషను మీద పెట్టి ఆ నంబరు నొక్కితే స్టిక్కర్ వస్తుంది, సంచికి అంటించు. మిషను లేకపోతే కౌంటర్లోనే తూస్తారు.

పావు యూరో మోసం కాదు, తల్లీ. దాన్ని ఫాండ్ అంటారు, సీసా మీద డిపాజిట్. చిన్నప్పుడు గోళీ సోడా తాగి సీసా తిరిగిచ్చేవాళ్లం చూడు, అలాంటిదే. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలకీ డబ్బాలకీ 25 సెంట్లు, 2003 నుంచి ఉంది ఈ పద్ధతి. మళ్లీ మళ్లీ నింపి వాడే సీసాలకి 8 సెంట్లో 15 సెంట్లో. ఖాళీ సీసాలు నలపకుండా, లేబుల్ చింపకుండా దాచి, షాపు ముందర ఉన్న మిషనులో ఒక్కొక్కటీ పెడితే చివర ఒక చీటీ వస్తుంది, అది కౌంటర్లో ఇస్తే బిల్లులో తగ్గిస్తారు. ఆరు నెలలుగా పారేస్తున్నారేమో, ఈ రోజు నుంచి ఆపెయ్యండి. అసలు తాగడానికి నీళ్లు కొనాల్సిన పనే లేదు, మ్యూనిక్‌లో కుళాయి నీళ్లు చాలా మంచివి. కొనాలనిపిస్తే సీసా మీద "క్లాసిక్", "మీడియం" అని ఉంటే గ్యాసు నీళ్లు, "స్టిల్" అని ఉన్నవే మనం తాగే నీళ్లు.

సెలవుల సంగతి కొంచెం పెద్దది. జర్మనీలో ఆదివారం అంగళ్లు తెరవకపోవడం ఉత్త ఆచారం కాదు, 1919 నాటి వైమర్ రాజ్యాంగంలో ఆదివారాన్ని విశ్రాంతి రోజుగా కాపాడాలని రాసిన మాటని 1949లో కొత్త రాజ్యాంగంలోకి అలాగే తెచ్చుకున్నారు. సాయంత్రం ఎన్నింటికి మూయాలన్నది 2006 నుంచి రాష్ట్రాల చేతికి వచ్చింది. మా స్టుట్‌గార్ట్ వైపు రాత్రి పదింటిదాకా కొన్ని తెరిచి ఉండేవి, మీ బవేరియాలో మాత్రం ఎనిమిదింటికి తలుపులు పడతాయి. పైగా మ్యూనిక్‌లో ఏడాదికి 13 పబ్లిక్ సెలవులు. ఈస్టర్ అప్పుడు శుక్రవారం మూత, శనివారం తెరుస్తారు, మళ్లీ ఆది, సోమవారాలు మూత. ఆ శనివారం కొట్లాటలా ఉంటుంది, గురువారం పొద్దునే వెళ్లి తెచ్చుకోవడం మేలు. క్యాలెండర్ తీసుకుని సెలవులకి ముందు రోజుల మీద ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టు, మా ఇంట్లో ఫ్రిజ్ మీద అలాగే ఉండేది. పాలు అయిపోయి ఆదివారం చిక్కుకుంటే పెద్ద రైల్వే స్టేషన్లో షాపులు తెరిచే ఉంటాయి, పెట్రోలు బంకుల్లో పాలు దొరుకుతాయి, రొట్టెల అంగళ్లు కొన్ని పొద్దున రెండు మూడు గంటలు తీస్తాయి. "హా-మిల్హ్" అని రాసున్న డబ్బా పాలు నెలల తరబడి బయటే నిలవుంటాయి, రెండు డబ్బాలు ఎప్పుడూ అలమరలో పెట్టుకో. వాటితో పెరుగు కూడా బాగా తోడుకుంటుంది, చలికాలం గిన్నెని టవల్లో చుట్టి హీటర్ పక్కన పెట్టు.

పేర్లు నాలుగు చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. జీలకర్ర అనుకుని "క్యుమ్మెల్" కొనకు, అది వేరే గింజ, చూడ్డానికి జీలకర్రలాగే ఉంటుంది కానీ చారులో వేస్తే చారు పారబోయాలి. మనకి కావాల్సింది "క్రొయిట్స్‌క్యుమ్మెల్". "వైష్‌వైత్సెన్‌గ్రీస్" అంటే ఉప్మా రవ్వ, మామూలు సూపర్ మార్కెట్లోనే చవగ్గా దొరుకుతుంది. "రోటె లిన్‌జెన్" అంటే ఎర్ర కందిపప్పు అని మనం పిలిచే మైసూరు పప్పు. గోధుమపిండి మీద 405 అని ఉంటే దాదాపు మన మైదా, చపాతీలకి పనికిరాదు.

ఇంక అసలు మాట. నీకు కష్టంగా ఉన్నది జర్మన్ భాష కాదేమో అనిపిస్తోంది. స్టోన్‌హౌస్‌పేటలో అంగడికి వెళ్తే నువ్వు ఫలానా వాళ్లమ్మాయివి. శెట్టిగారు చిల్లర లేకపోతే రేపివ్వమంటాడు, తోపుడు బండి ఆమె అడక్కుండానే నాలుగు రెమ్మలు కరివేపాకు పడేస్తుంది, జ్వరమొచ్చి రెండ్రోజులు కనబడకపోతే అమ్మని అడుగుతారు. అక్కడ నువ్వు ఎవరివో ఎవరికీ తెలియదు. ఆరు నెలల్నించి నిన్ను పేరు పెట్టి కాకపోయినా మొహం చూసి గుర్తుపట్టే అంగడి ఒక్కటీ లేదు. ఆన్‌లైన్లో తెప్పించుకుంటే ఇంకో ఆరు నెలలైనా ఉండదు. కాబట్టి నా సలహా ఇదే: నీకంటూ ఒక చిన్న అంగడి వెతుక్కో, వారంలో ఒకే రోజు, ఒకే వేళకి, అక్కడికే వెళ్లు.

మా వీధిలో ఒక టర్కీ పెద్దాయన అంగడి ఉండేది. బయట చెక్కపెట్టెల్లో కూరగాయలు, లోపల ఒక మూల మాంసం. అక్కడ బెండకాయలు దొరికేవి, పెద్ద పెద్ద కట్టలుగా పుదీనా, కొత్తిమీర దొరికేవి, సూపర్ మార్కెట్లో కుండీలో పెట్టి అమ్మే నాలుగు ఆకులు కాదు. మంగళవారం పొద్దున పదింటికి వెళ్లేదాన్ని. మొదట్లో వేలు చూపించడం, డబ్బివ్వడం, వచ్చేయడం, అంతే. పుదీనా కట్ట ఎత్తితే ఆయన "నానె" అన్నాడు ఒకసారి, నేను "పుదీనా" అన్నాను. ఇద్దరికీ మూడో భాష అయిన జర్మన్లో "మింట్సె" అనుకున్నాం. తర్వాత మా అబ్బాయి పుట్టి నెలన్నర వెళ్లలేదు. మళ్లీ వెళ్లిన రోజు చలికి ఎర్రబడ్డ చేతుల్తో ఆయన పుదీనా కట్టలు నీళ్లు విదిలించి పెట్టెలో పేరుస్తున్నాడు. నన్ను చూసి పని ఆపేసి, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, బండిలో బిడ్డని వంగి చూశాడు. ఏమీ అనలేదు. నా కూరగాయలు తూచి, సంచి ముడేసే ముందు రెండు నిమ్మకాయలు తీసి పైన పెట్టాడు, తూకంలో వేయలేదు. మన కొసరే అది. ఆ రోజు ఇంటికి నడుస్తూ నాకు ఎంత తేలిగ్గా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది.

మ్యూనిక్‌లో ఇలాంటి అంగళ్లు పెద్ద స్టేషనుకి దక్షిణం వైపు గోతెష్ట్రాసె, లాండ్‌వేర్‌ష్ట్రాసె వీధుల్లో చాలా ఉన్నాయి, మన ఇండియన్ షాపులు కూడా ఆ చుట్టుపక్కలే. కానీ ముందు మీ పేటలోనే చూడు, రోజూ నడిచి వెళ్లగలిగేదే నీ అంగడి అవుతుంది. వారపు సంతలు కూడా ఉంటాయి, అక్కడ కాయలు చేత్తో నొక్కి ఏరకూడదు, వేలు చూపించి అడిగితే వాళ్లే తీసిస్తారు, మన నెల్లూరు ఏసీ కూరగాయల మార్కెట్లోలాగా వంకాయ ముచ్చిక పట్టుకుని చూశామంటే కసురుతారు. బేరం కూడా లేదు.

ఇప్పుడు ఆ సూపర్ మార్కెట్‌కి మళ్లీ వెళ్లాలి, అదే షాపుకి. శనివారం వద్దు, సాయంత్రం ఐదు తర్వాత అసలే వద్దు. మంగళవారమో బుధవారమో పొద్దున పదిన్నరకి ఐదు వస్తువులు రాసుకుని వెళ్లు, అప్పుడు వెనకాల ఒకరిద్దరికన్నా ఉండరు. పాలు, రవ్వ, పెరుగు, ఉల్లిపాయలు, రొట్టె. ఇంకేమీ తేవద్దు. నాలుగు వారాలు అలా చేశాక నాకు మళ్లీ ఉత్తరం రాయి. అమ్మకి కూడా చెప్పు చెల్లీ, ఆవిడ ఏమీ అనుకోదు. పెళ్లయి వేరే ఊరికి కాపురానికి వెళ్లిన ఆడవాళ్లందరూ ముందు కొత్త అంగడివాడికి అలవాటు పడ్డవాళ్లే.

ప్రశ్న: అమ్మా, మాది ఒంగోలు. మా అబ్బాయి, కోడలు జర్మనీలో ఉంటారు. వచ్చే నెల మద్రాసు నుంచి దుబాయ్ మీదుగా మేమిద్దరం మొదటిసారి వెళ్తున్నాం. అక్కడ ఏమీ దొరకవంటారు కదా, పిల్లాడికి ఇష్టమని నెయ్యి, పాలకోవా, ఎండు చేపలు, గోంగూర మటన్ పచ్చడి, కరివేపాకు, మసాలాకి గసగసాలు అన్నీ కట్టుకుంటున్నాను. పట్టుకుంటారని మా తోడికోడలు భయపెడుతోంది. ఏవి తీసుకెళ్లొచ్చు? - ఒక అమ్మ, ఒంగోలు

జవాబు: అమ్మగారూ, మీ తోడికోడలు చెప్పింది చాలావరకు నిజమే, మంచి పని చేశారు ముందే అడిగి. యూరప్ దేశాల్లోకి మనలాంటి బయటి దేశాల నుంచి మాంసం, పాలతో చేసినవి సామాన్లలో తీసుకురానివ్వరు, పశువుల రోగాలు వాటితో వస్తాయని. కాబట్టి మటన్ పచ్చడి వద్దు, నెయ్యి వద్దు, పాలకోవా వద్దు. నెయ్యికి బదులు అక్కడ వెన్న ఎక్కడైనా దొరుకుతుంది, ఉప్పు లేని వెన్న తెచ్చి మీరే కాచి పెట్టండి. నేను పదకొండేళ్లు అలాగే చేశాను, వాసనకి మన ఇంట్లో కాచినట్టే ఉంటుంది.

పచ్చి ఆకులు, కూరగాయలు, పళ్లు సర్టిఫికెట్ లేకుండా కుదరవు, అందులో కరివేపాకు కూడా వస్తుంది. సర్టిఫికెట్ అడగనివి ఐదే: కొబ్బరికాయ, అరటిపండు, ఖర్జూరం, అనాస, డ్యూరియన్. కరివేపాకు నీడన ఆరబెట్టి పొడి కొట్టి పట్టుకెళ్లండి.

మీకు సంతోషం కలిగించే మాట చెప్తాను. ఎండు చేపలు, ఎండు రొయ్యలు తీసుకెళ్లొచ్చు! చేపల విషయంలో వాళ్ల నియమం వేరు, మనిషికి 20 కిలోల దాకా అనుమతి ఉంది. కొత్తపట్నం వైపు నుంచి తెచ్చుకునే ఎండు చేపలు ఇంకో రెండ్రోజులు గట్టి ఎండలో పెట్టి, రెండు కవర్లలో కట్టి, ఆ పైన మూత బిగించిన డబ్బాలో పెట్టండి. వాసన బయటికొస్తే మీ చీరలన్నిటికీ పడుతుంది. అడిగితే ఏముందో దాచకుండా చెప్పండి.

గసగసాలు మాత్రం దుబాయ్ మీదుగా అసలు వద్దు, అమ్మగారూ. యూఏఈలో అవి నిషేధం, మత్తుమందు కింద లెక్క, ఈ పొరపాటుకి జైలుకి వెళ్లినవాళ్లు ఉన్నారు. జర్మనీలో వాటిని రొట్టెల మీద చల్లుకుని, కేకుల్లో పెట్టుకుని తింటారు, "మోన్" అని అడిగితే సూపర్ మార్కెట్లోనే ఇస్తారు. నల్లగా ఉంటాయి, కూర రంగు మారుతుంది కానీ రుచి పోదు. ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, కారప్పొడులు, అప్పడాలు, వడియాలు, చెక్కలు వీటికి ఇబ్బంది లేదు. పచ్చళ్లు చేతి సంచిలో కాకుండా చెకిన్ సామాన్లోనే వేయండి.

ప్రశ్న: అక్కా, మాది సింగరాయకొండ. జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నాను. ఏది కొనబోయినా రూపాయల్లో లెక్కేస్తున్నాను, కిలో వంకాయలు అంత రేటా అని పెట్టేస్తున్నాను. మూడు నెలలుగా ఎక్కువ రోజులు నూడుల్స్, గుడ్లు. నాన్న అప్పు చేసి పంపించాడు, ఆ డబ్బు గుర్తొచ్చి చెయ్యి రావట్లేదు. - ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, నాన్న అప్పు గుర్తుంచుకునే పిల్లాడివి, నీ మీద నాకు గౌరవం ఉంది. కానీ మీ నాన్న అప్పు చేసింది నువ్వు నూడుల్స్ తిని బలహీనపడటానికి కాదు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్లో పెట్టిన డబ్బు నెలకి 992 యూరోల లెక్కన వస్తుంది కదా, అది నువ్వు బతకడానికి ఇంత కావాలని వాళ్లు వేసిన లెక్క, అందులో తిండి కూడా ఉంది. రూపాయల్లో లెక్క మానేసి పని గంటల్లో లెక్కెయ్. 2025లో అక్కడ కనీస కూలి గంటకి 12.82 యూరోలు, 2026లో 13.90. వారంలో పార్ట్ టైం ఒక్క గంట డబ్బుతో రెండు లీటర్ల పాలు, పది గుడ్లు, ఒక రొట్టె, కిలో ఉల్లిపాయలు కొన్నా ఇంకా మిగులుతుంది.

వంకాయలు వదిలెయ్, అక్కడ అవి ఎక్కడో వేడి దేశంలోనో గాజు ఇళ్లలోనో పండి రావాలి. క్యాబేజీ, క్యారెట్, బంగాళాదుంప, ఉల్లి, చలికాలమంతా చవక. ఫ్రీజర్లో పాలకూర పప్పులోకి బాగుంటుంది. రేటు చీటీ మీద పెద్ద అంకె కాదు, దాని కింద చిన్నగా కిలోకి ఎంత, లీటరుకి ఎంత అని రాసి ఉంటుంది, చట్టప్రకారం రాయాలి, ఆ అంకె చూసి కొను. షాపు సొంత పేరుతో అమ్మే సరుకు సాధారణంగా అడుగు అరలో ఉంటుంది, వంగి చూడాలి. ఇంకోటి చెప్తాను, నీకు ధైర్యం రావాలని: ఇప్పుడు ఊరూరా ఉన్న ఆల్డి సూపర్ మార్కెట్ 1913లో ఎస్సెన్ ఊరి శివారులో ఒక తల్లి పెట్టిన చిన్న చిల్లర అంగడి నుంచి వచ్చింది, ఆమె కొడుకులిద్దరూ యుద్ధం తర్వాత దాన్ని పెంచారు. రేటు తగ్గించడం కోసం అలంకారం లేకుండా, అట్టపెట్టెల్లోనే సరుకు పెట్టి అమ్మడం వాళ్ల పద్ధతి. నీలాంటి చేతి కొలత ఉన్నవాళ్ల కోసమే అలాంటి షాపులు. అక్కడ కొనుక్కో, ఇద్దరు ముగ్గురు కలిసి ఇండియన్ షాపులో పది కిలోల బియ్యం సంచి, కందిపప్పు పంచుకోండి, వారానికి నాలుగు రోజులైనా అన్నం వండుకో. వండి ఫోటో మీ అమ్మకి పంపు.

ప్రశ్న: అక్కా, కువైట్లో డ్రైవర్‌గా చేస్తున్నా, మాది కావలి పక్కన పల్లె. మేముండే బిల్డింగ్ కింద బకాలా, అంటే చిన్న కిరాణా అంగడి ఉంది, ఊర్లో లాగానే ఖాతా రాస్తాడు. నెలాఖరుకి నేను అనుకున్నదానికన్నా ఎక్కువ చెప్తున్నాడు. అడిగితే పుస్తకం చూపిస్తాడు, అందులో రాసింది నాకు అర్థం కాదు. గొడవ పెట్టుకోవాలంటే భయం. - ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, గొడవ వద్దు, నీ పుస్తకం నువ్వు పెట్టుకో. చిన్న నోటు బుక్కు జేబులో ఉంచు, కొన్నప్పుడే అతని ముందరే తెలుగులో రాసి, పక్కన మొత్తం అంకెల్లో వేసి అతనికి చూపించు. అతను మోసం చేస్తున్నాడని నేను అనను, పొరపాటు కూడా కావచ్చు, కానీ నువ్వు రాస్తున్నావని తెలిస్తే రెండూ తగ్గుతాయి. కువైట్ లెక్కలో మనవాళ్లకి ఒక చిక్కుంది. రూపాయికి వంద పైసలు, దినారుకి వెయ్యి ఫిల్సులు. 0.350 అని రాస్తే 350 ఫిల్సులు, అంటే దినారులో మూడో వంతు పైన. మన లెక్కలో 35 పైసలని తీసి పారేస్తాం, రోజూ రెండుసార్లు అలా తీసుకుంటే నెలకి ఎంతవుతుందో వేసి చూడు, 21 దినార్లు.

సిగరెట్లు, కూల్‌డ్రింకులు, ఫోన్ రీచార్జి ఖాతాలో రాయించకు, అవి చేతి డబ్బుతోనే కొను. బియ్యం, నూనె, ఉల్లిపాయలు లాంటి పెద్ద సరుకులు బకాలాలో కాకుండా మీ ఏరియా జమియాలో నెలకోసారి కొను. జమియా అంటే అక్కడి సహకార స్టోరు, 1960ల నుంచి పేటపేటకీ పెట్టారు, ఎవరైనా వెళ్లి కొనొచ్చు. రేటు చీటీ మీద ఉంటుంది, బిల్లు ప్రింటు చేసిస్తారు, అడగాల్సిన పని లేదు. బకాలా వాడితో కూడా తెగతెంపులు వద్దు, అర్ధరాత్రి డ్యూటీ నుంచి వచ్చినప్పుడు గుడ్లూ రొట్టె ఇచ్చేది అతనే.

సముద్రం ఒడ్డు వాడివి, చేప లేక నోరు చప్పగా ఉంటుందని నాకు తెలుసు. సెలవు రోజు ముబారకియా మార్కెట్‌కి వెళ్లు. అక్కడ "జుబేది" అని అడుగు, అది మన సందువాయే, వాళ్లకి ప్రాణం, అందుకే రేటు ఎక్కువ. మిగతా చేపల్లో ఆ రోజు ఏది ఎక్కువ వచ్చిందో చూసి అది కొనుక్కో, శుభ్రం చేసి ముక్కలు కొట్టిస్తారు. చింతపండు, మామిడికాయ జమియాలోనే దొరుకుతాయి. పులుసు పొద్దున చేసుకుని రాత్రికి తిను, ముక్కకి పులుపు పట్టాలి.